జామాయిల్ తోటలో యూరియా లెక్క: గుణుపూర్ దగ్గర ఒక ప్రాజెక్టు డైరీ

మే నెలాఖరు

కాగితం మిల్లుకు అమ్మే జామాయిల్ తోటకు మా వైపు రైతులు యూరియా వేస్తారు. అందులోంచి గాలిలోకి పోయి భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు వల్ల వాతావరణానికి ఎంత నష్టం? అదే యూరియా వల్ల అదనంగా పెరిగిన కలపతో ఎంత మేలు? ఈ రెండింటినీ ఒకే తోటలో, ఒకే పద్దులో పెట్టి చూడడమే ఈ ప్రాజెక్టు.

చోటు ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర మా మావయ్యగారి రెండెకరాల మెట్ట. ఎర్ర గరప నేల. ఒకప్పుడు ఇక్కడ కంది, ఉలవలు, చోళ్లు పండేవి. ఇప్పుడు చుట్టూ జామాయిలే. మిల్లు జిల్లాలోనే జేకేపూర్‌లో ఉంది కాబట్టి అమ్మకానికి దిగుల్లేదు, పశువులు ఆకు ముట్టవు, ఏటేటా దుక్కి దున్నే పని లేదు. రైతు ఈ పంట వైపు వెళ్లడాన్ని నేను తప్పు పట్టను. మా కుటుంబం కూడా ఈ డబ్బుతోనే పిల్లల్ని చదివించింది. అందుకే ఈ లెక్క బయటివాళ్లు వచ్చి చెప్పేలోగా మనమే వేసుకోవాలని నా పట్టుదల.

పాత తోట మార్చిలో కొట్టేశారు. మోళ్లు పీకించి, వానలు పడగానే కొత్త క్లోన్ మొక్కలు, అంటే మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచినవి, పెట్టాలి. వరసకీ వరసకీ మూడు మీటర్లు, మొక్కకీ మొక్కకీ రెండు మీటర్లు. అంటే ఎకరానికి 670 పైచిలుకు మొక్కలు.

పొలాన్ని నాలుగు అరెకరాలుగా తాళ్లతో విడగొట్టాం. మొదటి ముక్కకు ఏ ఎరువూ లేదు. రెండో ముక్కకు మావయ్య ఎప్పుడూ వేసినట్టే: నాటేటప్పుడు డీఏపీ (భాస్వరం, నత్రజని రెండూ ఉన్న ఎరువు), వానలు మొదలవగానే యూరియా మొత్తం ఒకేసారి. మూడో ముక్కకు డీఏపీ అంతే, యూరియా మాత్రం సగం, అదీ మొక్క పాదుకున్నాక విడతలుగా, మట్టిలో పూడ్చి. నాలుగో ముక్కకు యూరియా లేదు. గత్తం (పశువుల ఎరువు), డీఏపీ వేసి, వరసల మధ్య కంది.

జూన్

నాటక ముందే మట్టి తీయించాం. సేంద్రియ కర్బనం తక్కువ అని వచ్చింది, అనుకున్నదే. మా ఎర్ర నేలల్లో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి కాబట్టి మొక్కకు అందేది కొంచెమే. యూరియా వల్ల వచ్చిందనుకునే పచ్చదనంలో డీఏపీ భాగం ఎంతో తెలియాలి. అందుకే మూడు ముక్కల్లోనూ డీఏపీని ఒకే కొలతలో ఉంచాను.

ఇక గ్యాసు పట్టే డబ్బాలు. వీటినే క్లోజ్డ్ చాంబర్ అంటారు. పద్ధతి తేలికే. ఒక ఇనుప చట్రాన్ని మట్టిలోకి దించి అక్కడే వదిలేయాలి. దాని పై అంచున నీళ్లు పోసే గాడి ఉంటుంది. కొలిచే రోజున ఆ గాడిలో నీళ్లు పోసి మూత బోర్లిస్తే లోపలి గాలి బయటికి పోదు. మూతకు రబ్బరు బిరడా. మూసిన వెంటనే ఒకసారి, ఇరవై నిమిషాలకు ఒకసారి, నలభై నిమిషాలకు ఒకసారి సిరంజితో గాలి లాగి గాజు సీసాల్లోకి ఎక్కించాలి. ఆ సీసాలు గ్యాస్ క్రొమటోగ్రాఫ్, అంటే గాలిలో ఏ వాయువు ఎంతుందో కొలిచే యంత్రం, ఉన్న ల్యాబుకు పోతాయి. లోపల నైట్రస్ ఆక్సైడ్ ఎంత వేగంగా పెరిగిందో చూస్తే మట్టి ఎంత వదిలిందో తెలుస్తుంది.

చట్రాలు మా ఊరి వెల్డింగ్ షాపులోనే చేయించాం. ఎండ తగిలి లోపలి గాలి వేడెక్కకుండా మూతలకు వెండి రంగు రేకు చుట్టాం. మా కాలేజీ బోటనీ పిల్లలు ఈ పని చాలా శ్రద్ధగా చేశారు. వాళ్లలో చాలామంది సవర ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, కొండవాలులో నీరు ఎటు నడుస్తుందో నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. పొలం కింది కొసన, నీరు నిలిచే పల్లంలో ఒక చట్రం తప్పకుండా పెట్టాలని పట్టుబట్టిందీ వాళ్లే. ఆ మాట ఎంత విలువైనదో జూలైలో తెలిసింది.

జూన్ చివరి వారం

మంచి వాన పడింది. మొక్కలు నాటేశాం. మావయ్య తన ముక్కకు యూరియా చల్లించేశారు.

విడతలుగా వేద్దామని ఆయన్ని అడిగి చూశాను. "అలాగే బాబూ, మరి కూలీ ఎవరిస్తారు? బస్తా మూడొందలు లేదు. దాన్ని రెండుసార్లు ఎయ్యడానికి మనుషుల్ని పెడితే బస్తాకి రెండింతలు కూలే అవుద్ది" అన్నారు. ఆయన లెక్కలో తప్పు లేదు. 45 కిలోల యూరియా బస్తా సబ్సిడీ మీద 270 రూపాయల లోపే దొరుకుతుంది. రైతుకు ఎరువు చౌక, మనిషి ఖరీదు. అలాంటప్పుడు ఎరువు ఎక్కువైనా సరే ఒకే దఫాలో పని అయిపోవాలని చూడడం సహజం. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు ఈ కూలీ సంగతి దాటేసి 'ఎరువు తగ్గించండి' అంటే ఏ రైతూ వినడు, వినక్కర్లేదు కూడా.

జూలై

కొలతలు మొదలయ్యాయి. ఎప్పుడూ పొద్దున్న తొమ్మిదికీ పదకొండుకీ మధ్యే. ఆ వేళలో నేల వేడి రోజు సగటుకు దగ్గరగా ఉంటుంది.

మట్టిలో ఏం జరుగుతుందో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. యూరియా పడగానే యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. పైపైన చల్లితే అమ్మోనియాలో కొంత అక్కడికక్కడే గాలిలో కలుస్తుంది. మిగిలింది అమ్మోనియంగా మట్టిని పట్టుకుంటుంది. దాన్ని నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ దారిలో కాస్త నైట్రస్ ఆక్సైడ్ జారిపోతుంది. నేలలో నీరు నిండి గాలి ఆడనప్పుడు ఇంకో రకం సూక్ష్మజీవులు అదే నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని బతుకుతాయి. అప్పుడు వచ్చే నైట్రస్ ఆక్సైడ్ చాలా ఎక్కువ. మట్టి రంధ్రాల్లో అరవై శాతం దాటి నీరు నిండితే ఈ రెండో దారే ముందుకొస్తుంది. ఎనభై శాతం కూడా దాటితే వాయువు చాలావరకు మామూలు నైట్రోజన్‌గా మారిపోతుంది కాబట్టి హాని తగ్గుతుంది. అంటే అసలు ప్రమాదం పూర్తిగా మునిగిన చోట కాదు, తడిసి ఆరి మళ్లీ తడిసే చోట.

మా పొలం కింది కొస సరిగ్గా అలాంటిదే. ఒక రాత్రి వాన కురిస్తే మర్నాడు నీరు నిలుస్తుంది, రెండు రోజుల ఎండకు ఇంకిపోతుంది, మళ్లీ వాన. అక్కడ తడి మట్టిలో నైట్రేట్‌ను బట్టి రంగు మారే పట్టీలు ముంచి చూస్తే, మావయ్య ముక్కలో రంగు ముదురుగా వచ్చింది, అంటే నైట్రేట్ ఎక్కువ. అదే సమయానికి మొక్క జానెడే ఉంది, దాని వేళ్లు ఇంకా నర్సరీ మట్టిగడ్డ దాటలేదు. అరెకరం నేలంతా చల్లిన నత్రజనిలో అది అందుకోగలిగింది తన చుట్టూ ఉన్న అరచేతి వెడల్పు చోటులోదే. మిగతాది గడ్డికీ, వంశధార నదికీ, గాలికీ.

దేశంలో యూరియాకు వేప పూత 2015 నుంచి తప్పనిసరి. వేపనూనె అమ్మోనియం నైట్రేట్‌గా మారే వేగాన్ని కొంత తగ్గిస్తుంది. మంచి చర్యే. కానీ వేళ్లు లేని మొక్క ముందు ఎరువు పోసినప్పుడు వేప పూత కొద్ది రోజుల గడువు మాత్రమే ఇస్తుంది.

ఆగస్టు

సీసాలు ల్యాబుకు పంపాం. ఫలితాలు వచ్చేలోగా కాగితం మీద లెక్క కట్టాను. దీనికి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం) 2019లో సవరించిన గుణకాలు వాడాను. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లు దాటి వాన పడే ఉష్ణమండలాన్ని వాళ్లు తడి వాతావరణం అంటారు. మా జిల్లా అందులోకే వస్తుంది.

మావయ్య ఒక కోతకాలంలో, అంటే నాటింది మొదలు కొట్టేదాకా, ఎకరానికి వేసేది మొదటి ఏడు ఒక బస్తా, రెండో ఏడు రెండు బస్తాల యూరియా, నాటేటప్పుడు ఒక బస్తా డీఏపీ. యూరియా 135 కిలోలు, అందులో 46 శాతం నత్రజని, అంటే 62 కిలోలు. 50 కిలోల డీఏపీలో 18 శాతం, అంటే 9 కిలోలు. కలిపి 71 కిలోల నత్రజని.

తడి వాతావరణంలో రసాయన ఎరువు నత్రజనిలో 1.6 శాతం నేరుగా నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందని గుణకం. అలా 1.14 కిలోల నత్రజని పోతుంది, వాయువు బరువులోకి మారిస్తే 1.79 కిలోలు. చూడ్డానికి ఇదేం పెద్ద అంకె కాదు. కానీ ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం వందేళ్ల లెక్కలో ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అప్పుడు 488 కిలోలు. అదే కొలతలో, అమ్మోనియాగా లేచి వేరే చోట పడి అక్కడ వాయువుగా మారేది దాదాపు 47 కిలోలు. నైట్రేట్‌గా కొట్టుకుపోయి వాగులో, నదిలో మారేది దాదాపు 80 కిలోలు. యూరియా కరిగినప్పుడు అందులోంచి బయటపడే కార్బన్ డయాక్సైడ్, టన్నుకు 733 కిలోల చొప్పున, 99 కిలోలు. మొత్తం ఎకరానికి సుమారు 715 కిలోలు. ఫ్యాక్టరీలో అమ్మోనియా తయారీకి కాల్చిన గ్యాసు ఇందులో లేదు, లారీ డీజిలు లేదు.

ఇప్పుడు చెట్టు వైపు. ఎకరానికి 35 టన్నుల పచ్చి కలప వస్తుందనుకుందాం. అందులో సగం నీరు, మిగిలిన ఎండు కలపలో సగం కర్బనం. కార్బన్ డయాక్సైడ్‌లోకి మారిస్తే 32 టన్నులు. దాని పక్కన 715 కిలోలు పెడితే రెండు శాతం చిల్లర. ఇలా చూసేవాళ్లకు ఎరువు పట్టించుకోదగ్గ విషయం కాదు. వాతావరణంపై దేశాల మధ్య కుదిరిన క్యోటో ఒప్పందం కింద అడవుల పెంపకానికి కార్బన్ క్రెడిట్లు (పీల్చుకున్న కర్బనానికి అమ్ముకోదగ్గ పత్రాలు) ఇచ్చిన సీడీఎం మండలి 2008లో సరిగ్గా ఇదే దారి పట్టింది. ఎరువుల నుంచి వచ్చే వాయువు స్వల్పం కాబట్టి ప్రాజెక్టు లెక్కల్లోంచి వదిలేయవచ్చని చెప్పింది. మా రాయగడ, పక్క కొరాపుట్ రైతుల తోటలతోనూ ఆ పద్ధతిలో ఒక ప్రాజెక్టు నమోదైంది.

నాకు ఈ పోలిక ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 35 టన్నుల కలపంతా ఎరువు వల్ల రాలేదు కదా. ఎరువు లేని ముక్కలోనూ చెట్టు పెరుగుతుంది. ఎరువు మీద పద్దు రాయాలంటే ఎరువు వల్ల అదనంగా వచ్చిన కలపతోనే తూకం వేయాలి.

సెప్టెంబరు

ఆ అదనం ఎంతో నాలుగేళ్ల తర్వాత గానీ నా పొలం చెప్పదు. అందాకా ఎకరానికి మూడు టన్నుల పచ్చి కలప అనుకుని చూస్తాను. పై పద్ధతిలోనే మారిస్తే 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్. దాని పక్కన 0.715 టన్నులు పెడితే రెండు శాతం కాస్తా నాలుగో వంతు దాటిపోయింది. తోట అదే, ఎరువు అదే, మారింది పోలిక ఒక్కటే.

కథ అక్కడితోనూ ఆగదు. ఆ కలప ఎక్కడికి పోతుంది? మిల్లులో గుజ్జు తీసినప్పుడు కలపలో దాదాపు సగమే పీచుగా మిగులుతుంది. తక్కినది నల్లని ద్రవంగా బాయిలర్లో మండుతుంది. పీచు కాగితం అవుతుంది. ఐపీసీసీ లెక్కల్లో కాగితానికి అర్ధాయుష్షు రెండేళ్లు. కోసిన దుంగలకు, అంటే తలుపులకూ దూలాలకూ, 35 ఏళ్లు. మా తోట కలప పుస్తకమో అట్టపెట్టో అయిన రెండేళ్లకు అందులో సగం కర్బనం తిరిగి గాలిలో ఉంటుంది. 2.75 టన్నుల్లో సగం బాయిలర్లో పోతే మిగిలేది 1.37. రెండేళ్లకు అది 0.69. అప్పటికే ఎరువు బాకీ కన్నా తక్కువ. ఆ బాకీ మాత్రం తరగదు. నైట్రస్ ఆక్సైడ్ గాలిలో సగటున 109 ఏళ్లు ఉంటుంది.

రెండో వైపు కూడా రాయాలి, లేకపోతే ఈ పద్దు నిజాయితీగా ఉండదు. బాయిలర్లో మండిన ఆ ద్రవం అంత మేరకు బొగ్గును ఆదా చేస్తుంది. తోట కొట్టి మళ్లీ పెంచుతూ ఉన్నంత కాలం నేల మీద సగటున కొంత అదనపు కలప నిలబడే ఉంటుంది, 2.75 టన్నుల్లో సుమారు సగం అనుకోవచ్చు. కానీ ఆ నిలవ అక్కడితో ఆగిపోతుంది. రెండో కోత వచ్చినా మూడో కోత వచ్చినా అదే సగం. ఎరువు బాకీ మాత్రం ప్రతి కోతకూ ఇంకో 0.7 టన్నులు కలుస్తుంది. రెండు కోతలకే రెండూ సమానమైపోతాయి. ఆ తర్వాత వేసే ప్రతి బస్తా, బొగ్గు ఆదా సంగతి పక్కన పెడితే, నష్టమే.

ఈ పేజీ రాశాక నాకు చాలాసేపు టెన్షన్‌గా అనిపించింది. మావయ్యకు చూపించాను. ఆయన అంకెలన్నీ విని, "అయితే చెట్టు తప్పు కాదన్నమాట, ఏసిన కాలం తప్పు" అన్నారు. ఆయన చెప్పిందే సరి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో వంద కోట్ల భాగాల్లో 270 భాగాలున్న నైట్రస్ ఆక్సైడ్ ఇప్పుడు 335 దాటింది. అది పెరగడానికి ప్రధాన కారణం వ్యవసాయంలో వాడే నత్రజని. అందులో మొక్క నోటిదాకా చేరని భాగాన్ని తగ్గించడం మన చేతిలో పని.

అక్టోబరు

తుపాను రోజులు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార ఎలా పొంగిందో ఇక్కడ అందరికీ గుర్తే. ఈ నెలలో వేసిన ఎరువును ఒక్క వాయుగుండం చాలు, కడిగేయడానికి. మూడో ముక్కకు రెండో విడతను అందుకే సెప్టెంబరు మొదట్లోనే ముగించాం. మొక్కకు జానెడు ఎడంగా, నాలుగు వేళ్ల లోతున గుంట తీసి, యూరియా వేసి, మట్టి కప్పి, కాలితో నొక్కడం. అంతకుముందే చుట్టూ గడ్డి చెక్కించాం. ఈ కూలీ ఖర్చు వేరే పుస్తకంలో రాస్తున్నాను.

పక్క పొలంలో తోట కొట్టారు. కొమ్మా రెమ్మా ఆకూ కుప్పేసి తగలబెట్టారు. బెరడు వొలిచి రోడ్డు పక్కన పోశారు. చూస్తూ ఊరుకోలేక వాళ్లతో మాట్లాడాను. చెట్టులో నత్రజని కాండంలో కన్నా ఆకులోనే ఎక్కువ. ఎండిన జామాయిల్ ఆకులో సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. టన్ను ఆకు కాలిస్తే దాదాపు 15 కిలోల నత్రజని, అంటే 33 కిలోల యూరియాకు సరిపడేది, చాలావరకు పొగలో కలిసిపోతుంది. ఆ మంట నుంచి నైట్రస్ ఆక్సైడ్, మీథేన్ కూడా వస్తాయి. మర్నాటి నుంచి మళ్లీ బస్తా కొనాలి. బెరడులో కాల్షియం ఎక్కువ, అది రోడ్డు పక్కన కుళ్లుతోంది. ఆ చెత్తను వరసల మధ్య పరిస్తే ఎలకలు, పాములు చేరతాయని వాళ్ల భయం. అది కొట్టిపారేయాల్సింది కాదు. ఒక వరస విడిచి ఒక వరసలో పరిచి, మొక్క పాదు చుట్టూ ఖాళీ ఉంచితే నడవడానికి దారి ఉంటుందని చెప్పాను. వచ్చే కోతకు ప్రయత్నిస్తామన్నారు.

ఇంకో విషయం ఈ నెలలోనే డైరీలోకి ఎక్కింది. నీరు నిలవని అడవి నేల గాలిలోని మీథేన్‌ను తినే సూక్ష్మజీవులకు ఇల్లు. అమ్మోనియం ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది. డబ్బాల్లో పట్టిన అదే గాలిలో మీథేన్ కూడా చూడమని ల్యాబులో అడిగాను. దీన్ని లెక్కలో కలపకపోతే ఎరువు లేని ముక్కకు అన్యాయం చేసినట్టే.

నవంబరు

వెర్నియర్‌తో మొదలు మందం, గుర్తులు గీసిన వెదురు కర్రతో ఎత్తు కొలిచాం. ఎరువు లేని ముక్క స్పష్టంగా పొట్టిగా ఉంది. మావయ్య ముక్కకూ, సగం యూరియా పూడ్చిన ముక్కకూ మధ్య కంటికి తేడా కనబడడం లేదు. కంది వేసిన ముక్క ఈ రెంటికన్నా కొంచెం వెనక, కానీ పసుపు రంగు ఎక్కడా లేదు. కంది కాయ పట్టింది. ఇది మొదటి ఏడాది మాత్రమే, దీన్నుంచి కలప గురించి ఏమీ చెప్పను.

కంది ముక్క మీద నాకు ఆశ ఎక్కువ. 2006 మార్గదర్శకాల నుంచి ఐపీసీసీ పప్పుజాతి మొక్క వేళ్లు పట్టే నత్రజనిని నేరుగా నైట్రస్ ఆక్సైడ్ మూలంగా లెక్కించడం మానేసింది. రాలిన ఆకు, కుళ్లిన వేరు మాత్రమే లెక్కలోకి వస్తాయి. సరుగుడు అయితే ఇంకా నయం, దాని వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నత్రజనిని తనే పడుతుంది. సుబాబుల్‌కు అదే పని చేసే రైజోబియం ఉంది. మిల్లు ఈ రెండు కలపలనూ గుజ్జుకు వాడగలదు. మెట్టలో సరుగుడు ఎలా నిలుస్తుందో వచ్చే జూన్‌లో గట్టు వెంట ఒక వరస పెట్టి చూస్తాం.

రెండో ఏడాదికి నిర్ణయాలు అయిపోయాయి. మావయ్య తన ముక్కకు ఎకరానికి రెండు బస్తాల లెక్కన ఒకేసారి వేయడం మానేసి, ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో ఒకటి పూడుస్తానన్నారు. పరిశోధన కోసం కనీసం పావెకరం పాత పద్ధతిలోనే ఉంచమని నేనే బతిమాలాల్సి వచ్చింది. కూలీ ఎక్కువైన మేరకు యూరియా తగ్గిన ఖర్చు ఎంత కలిసివస్తుందో ఆ పుస్తకం చూసి చెబుతాను. అది తేలకపోతే పక్క రైతుకు ఈ మాట చెప్పే హక్కు నాకు లేదు.

రైతులకు మొక్కలు పంచే మిల్లు సిబ్బందిని కలిశాను. రైతు పేరు, ఎకరాలు, క్లోన్ నంబరు, నాటిన తేదీ రాసే రిజిస్టరు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. అందులో ఇంకో రెండు గడులు చేర్చమని రాసిచ్చాను: ఎంత యూరియా, ఏ నెలలో. కలప కొనేటప్పుడు టన్నులు ఎలాగూ తూకం వేస్తారు. ఈ రెండూ పక్కపక్కన ఉంటే ఏ ఊళ్లో ఎన్ని బస్తాలకు ఎంత అదనపు కలప వచ్చిందో నా రెండెకరాల మీద ఆధారపడకుండా తెలుస్తుంది. జనవరిలో మొక్కల బుకింగ్ మొదలవక ముందే జవాబు చెబుతామన్నారు. ల్యాబు ఫలితాలు కూడా ఆ లోపే వస్తాయి, ఆగస్టు లెక్కలో 1.6 శాతం అని రాసిన చోట మా నేల సొంత అంకె పెట్టి మళ్లీ కడతాను.